రిజల్ట్ చెప్పాకే అసలు పని మొదలవుతుంది: అట్లాంటాలో నా అనుభవం

అట్లాంటాలో నల్లజాతి గే, బైసెక్సువల్ మగవాళ్ళ కోసం వాళ్ళే నడుపుకుంటున్న ఒక చిన్న సంస్థలో నేను వాలంటీర్‌గా చేరి, ట్రైనింగ్ తీసుకుని, హెచ్ఐవీ టెస్ట్ కౌన్సెలర్‌ని అయ్యాను. తర్వాత నావిగేటర్ పని, అంటే వచ్చినవాళ్ళకి వైద్యం అందేదాకా వెంట ఉండి నడిపించే పని కూడా నేర్చుకున్నాను. సంస్థ పేరు రాయను. అక్కడికి వచ్చేవాళ్ళ వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చి రాస్తున్నాను, ఎందుకంటే అట్లాంటా ఎంత పెద్ద ఊరైనా ఈ లోకం చాలా చిన్నది, ఒకరి సంగతి ఇంకొకరికి ఇట్టే తెలిసిపోతుంది. నేనూ గేనే. ఖమ్మం నుంచి పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చేయడానికి వచ్చాను. నువ్వు అక్కడ ఏం చేస్తావు, నీకెందుకు ఆ పని అని మనవాళ్ళు అడుగుతుంటారు. ఇక్కడ చదువుకుంటూ, ఎవరికీ చెప్పుకోలేక లోలోపలే టెన్షన్ పడే తెలుగు కుర్రాళ్ళు కూడా అడుగుతుంటారు. అందుకే మొత్తం రాస్తున్నాను.

అసలు అక్కడికి ఎలా వెళ్ళానో ముందు చెప్పాలి. నాకు టెస్ట్ చేయించుకోవాల్సిన అవసరం వచ్చింది. యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్దామంటే అక్కడ పార్ట్‌టైమ్ చేసేవాళ్ళలో మనవాళ్ళున్నారు, ఎవరైనా చూస్తారేమోనని భయం. ఫోన్లో వెతికితే వెస్ట్ ఎండ్ వైపు ఈ సెంటర్ కనబడింది. డబ్బులు అక్కర్లేదు, అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, ఇన్సూరెన్స్ కార్డ్ అడగరు. ఆ ఏరియా వైపు వెళ్ళకురా అని వచ్చిన వారంలోనే సీనియర్లు చెప్పారు, కారణం అక్కడుండేవాళ్ళు నల్లజాతివాళ్ళు కావడం తప్ప ఇంకేమీ కాదు. ఆల్ఫారెట్టా, కమ్మింగ్ లాంటి శివార్లలో ఇరవై ఏళ్ళుగా ఉంటూ ఒక్క నల్లజాతి కుటుంబంతో కూడా రాకపోకలు లేని మనవాళ్ళు నాకు తెలుసు, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. నేను మార్టా రైలెక్కి వెళ్ళాను. డెస్క్ దగ్గర కూర్చున్న ఆయన ఫారం ఇవ్వకముందే మంచినీళ్ళ సీసా ఇచ్చి, ఎండలో నడిచొచ్చావు కదా, ముందు కూర్చో అన్నాడు. ఆ రోజు నాకు నెగటివ్ వచ్చింది, కానీ వాళ్ళు అక్కడితో పంపించేయలేదు. ప్రెప్ (హెచ్ఐవీ రాకుండా ముందే వేసుకునే మందు) గురించి విన్నావా, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా, ఇక్కడ నీ మనసులో మాట చెప్పుకోవడానికి ఎవరైనా ఉన్నారా అని అడిగారు. నేను ఈ దేశానికి వచ్చాక ఆ చివరి ప్రశ్న అడిగిన మొదటి మనుషులు వాళ్ళే.

వాలంటీర్‌గా చేరతానంటే వెంటనే సరే అనలేదు. ఎందుకు చేరాలనుకుంటున్నావు అని నిలదీసి అడిగారు. నువ్వు గేవి కాబట్టి కొంత అర్థమవుతుంది, కానీ ఇక్కడికొచ్చేవాళ్ళ జీవితం నీది కాదు, అది మర్చిపోకుండా ఉండగలవా అన్నారు. ఇది చాలా సరైన ప్రశ్న అని నా ఉద్దేశం. మొదటి కొన్ని నెలలు నాకు అప్పజెప్పింది కుర్చీలు వేయడం, కండోమ్ ప్యాకెట్లు కట్టడం, శుక్రవారం సాయంత్రం మీటింగుకి వచ్చేవాళ్ళకి భోజనం వడ్డించడం. అలా చేస్తూ వింటూ ఉండగానే మనుషులు అలవాటయ్యారు, నేను వాళ్ళకి అలవాటయ్యాను. ఆ తర్వాతే ట్రైనింగ్.

మాకు ట్రైనింగ్ ఇచ్చిన పెద్దాయనకి అరవై దాటాయి, ముప్పై ఏళ్ళకి పైగా హెచ్ఐవీతో బతుకుతున్నాడు. 1996లో కాంబినేషన్ మందులు రాకముందు తన స్నేహితుల్లో సగం మందిని మట్టిలో పెట్టానని చెప్పేవాడు, గొంతు పెంచకుండా, మామూలుగా. టెస్ట్ కిట్ చేతికివ్వకముందు ఆయన చెప్పిన మొదటి పాఠం టస్కీగీ. మనలో చాలామందికి తెలీదు కాబట్టి రాస్తున్నాను. మా జార్జియా పక్కనే ఉన్న అలబామాలో, టస్కీగీ అనే ఊరి దగ్గర, 1932 నుంచి 1972 వరకు, నలభై ఏళ్ళ పాటు, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖ సుమారు 600 మంది నల్లజాతి మగవాళ్ళ మీద సిఫిలిస్ అధ్యయనం చేసింది. వాళ్ళలో 399 మందికి సిఫిలిస్ ఉంది. వైద్యం చేస్తున్నామని చెప్పి, అసలు జబ్బేమిటో చెప్పకుండా, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, జబ్బు ముదిరితే ఏమవుతుందో చూస్తూ కూర్చున్నారు. ఆ మనుషుల మనవలు ఇప్పుడు మా టెస్టింగ్ వ్యాన్ ఎక్కి రక్తం కోసం వేలు చాపుతున్నారు. తెల్లకోటు వేసుకున్నవాడు వచ్చి రక్తం ఇవ్వమంటే ఎందుకివ్వాలి అని వాళ్ళు అడిగితే దాన్ని మొండితనం అనుకోకూడదు, అది వాళ్ళ కుటుంబాల్లో తరతరాలుగా వస్తున్న జాగ్రత్త అని ఆయన అన్నాడు.

రెండో పాఠం లెక్కలు. అమెరికా జనాభాలో నల్లజాతివాళ్ళు నూటికి 12 మంది దాకా ఉంటే, 2022లో కొత్త హెచ్ఐవీ ఇన్‌ఫెక్షన్లలో నూటికి 37 వాళ్ళవే. 2016లో సీడీసీ, అంటే అమెరికా ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ, వేసిన అంచనా ఇంకా దారుణం: అప్పటి పరిస్థితే కొనసాగితే నల్లజాతి గే, బైసెక్సువల్ మగవాళ్ళలో ప్రతి ఇద్దరిలో ఒకరికి జీవితకాలంలో హెచ్ఐవీ వస్తుంది, అదే తెల్లవాళ్ళలో అయితే 11 మందిలో ఒకరికి. ఈ అంకె వినగానే ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన, వాళ్ళే ఏదో జాగ్రత్త లేకుండా ఉంటారు కాబోలు అని. మా క్లాసులో కూడా ఒకరు ఆ మాట అన్నారు. అప్పుడు పెద్దాయన గ్రెగోరియో మిల్లెట్ పని గురించి చెప్పాడు. ఆయన కూడా నల్లజాతి పరిశోధకుడే, 2006 నుంచి వరసగా, అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి తేల్చిందేమిటంటే నల్లజాతి గే మగవాళ్ళు తెల్లవాళ్ళకంటే ఎక్కువ రిస్క్ ఏమీ తీసుకోవడం లేదు, కండోమ్ వాడకంలో ఏమీ తీసిపోరు, పార్ట్‌నర్లు కూడా ఎక్కువేం కాదు. తేడా ఎక్కడుందంటే, ఉన్నవాళ్ళకి తమకి ఉందని తెలియకపోవడంలో, తెలిసినా మందులు అందకపోవడంలో, ఇన్సూరెన్స్ లేకపోవడంలో. చుట్టూ ఉన్న చిన్న సర్కిల్‌లో వైరస్ ఎక్కువగా ఉంటే ఎంత జాగ్రత్తగా ఉన్నవాడికైనా తగిలే అవకాశం ఎక్కువే. అంటే మనిషిని మార్చాలి మార్చాలి అని పోస్టర్లు వేయడం కాదు, మనిషికీ మందుకీ మధ్య ఉన్న అడ్డంకులు తీయాలి. నేను ఈ ట్రైనింగ్‌లో నేర్చుకున్నవాటిలో ఇదే అన్నిటికంటే పెద్దది, దీన్ని మన దగ్గర కూడా ప్రతి డాక్టరూ చదవాలని కోరుకుంటున్నాను.

ఇక టెస్ట్ నేర్చుకోవడం. మేం వాడేది వేలి రక్తంతో చేసే ఒక్క నిమిషం టెస్ట్. మూడు చిన్న సీసాలుంటాయి, ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసి. వేలి చివర పక్కగా గుచ్చాలి, సరిగ్గా మధ్యలో గుచ్చితే నొప్పెక్కువ. ఆ రక్తపు బొట్టుని మొదటి సీసాలో కలిపి, తెల్లటి చిన్న బిళ్ళలాంటి పరికరం మీద పోసి, అది ఇంకిపోయాక నీలం రంగున్న రెండో సీసా, తర్వాత రంగు కడిగే మూడో సీసా పోయాలి. పైన ఒక్క నీలం చుక్క వస్తే టెస్ట్ సరిగ్గా పనిచేసింది, నెగటివ్. కింద ఇంకో చుక్క వస్తే రియాక్టివ్, అంటే ఖాయం చేసుకోవడానికి ల్యాబ్‌కి రక్తం పంపాలి. చేతులతో చేసే ఈ పని ఎవరైనా ఒక పూటలో నేర్చుకుంటారు. అయితే ఈ టెస్ట్‌కి ఒక పరిమితి ఉంది, యాంటీబాడీలు తయారవ్వాలి కాబట్టి మొన్న వారం జరిగినదాన్ని ఇవాళ పట్టుకోలేదు, వేలి రక్తం టెస్టులకి ఆ గడువు మూడు నెలల దాకా కూడా పోవచ్చు. నెగటివ్ వచ్చిందని సంతోషంగా లేచే మనిషికి ఆ మాట తప్పకుండా చెప్పి పంపాలి.

ఎక్కువ రోజులు పట్టింది మాట్లాడటం నేర్చుకోవడానికే. ఎవరితో, ఎలా, కండోమ్‌తోనా లేకుండానా, మత్తులో ఉన్నప్పుడా అని ముఖంలో ఏ మార్పూ లేకుండా అడగాలి, అవతలివాడు చెప్పేదానికి కనుబొమ్మ కూడా కదలకూడదు. పెళ్ళయిన మగవాళ్ళొస్తారు, భార్యకి తెలీదు, నేను గే కాదు అంటారు, సరే అని రాసుకోవాలి, ఆ మనిషి తన గురించి ఏ పేరు చెప్పుకుంటే అదే పేరు. తర్వాత రిజల్ట్ చెప్పడం ప్రాక్టీస్. ఒకరు కౌన్సెలర్‌గా, ఒకరు వచ్చినవాడిగా ఎదురెదురుగా కూర్చుని చేస్తాం. నియమం ఏమిటంటే సంగతి ఒక్క వాక్యంలో చెప్పి నోరు మూసుకోవాలి. ఏం ఫర్వాలేదు, ఈ రోజుల్లో మందులున్నాయి, షుగర్ లాంటిదే అని వెంటనే గబగబా ఓదార్చకూడదు. ఆ ఓదార్పు మన కంగారు తగ్గించుకోవడానికే తప్ప అతనికి పనికిరాదని పెద్దాయన చెప్పేవాడు. అతను మాట్లాడేదాకా ఆగాలి. ఎంతసేపైనా.

వ్యాన్ డ్యూటీ నాకు అన్నిటికంటే ఇష్టం. రాత్రి క్లబ్బుల దగ్గర, ఒక్కోసారి బాల్‌రూమ్ పోటీలు జరిగే హాళ్ళ బయట, లేబర్ డే వారాంతంలో అట్లాంటా బ్లాక్ ప్రైడ్‌కి దేశం నలుమూలల నుంచీ జనం వచ్చినప్పుడు పీడ్‌మాంట్ పార్క్ దగ్గర పెడతాం. బాల్‌రూమ్ అంటే తెలియనివాళ్ళ కోసం, ఇంట్లోంచి గెంటేసిన కుర్రాళ్ళు 'హౌస్'లుగా ఏర్పడతారు, ప్రతి హౌస్‌కీ ఒక తల్లి, ఒక తండ్రి ఉంటారు, నడకలో, వేషంలో, నాట్యంలో పోటీపడతారు. మేం ఏ కుర్రాడి దగ్గరికీ నేరుగా వెళ్ళం, ముందు ఆ హౌస్ తల్లితో మాట్లాడతాం. ఆమె ముందుగా వ్యాన్ ఎక్కి టెస్ట్ చేయించుకుని కిందికి దిగి, ఊఁ ఎక్కండి అంటే పిల్లలంతా లైన్ కడతారు. ఎన్ని కరపత్రాలు పంచినా రాని నమ్మకం అది. 'డి-అప్!' అనే ప్రోగ్రాం ఒకటుంది, 'మెనీ మెన్, మెనీ వాయిసెస్' అని ఇంకొకటుంది, రెండిటికీ ఆధారం ఇదే, తోటివాళ్ళలో ఎవరి మాట నలుగురూ వింటారో వాళ్ళ ద్వారానే సంగతి వెళ్ళాలి, గుంపుగా కూర్చుని తమ జీవితాల గురించి తామే మాట్లాడుకోవాలి.

ఇదేం కొత్తగా ప్రభుత్వం కనిపెట్టింది కాదు. 1980లలో ఎవరూ పట్టించుకోనప్పుడు వాషింగ్టన్‌లో 'అస్ హెల్పింగ్ అస్' అనే సంస్థ 1985లో మొదలైంది, న్యూయార్క్‌లో 'గే మెన్ ఆఫ్ ఆఫ్రికన్ డిసెంట్'ని 1986లో రెవరెండ్ చార్లెస్ ఏంజెల్ పెట్టాడు. మా ఊళ్ళోనే 2015లో హెచ్ఐవీతో బతుకుతున్న నల్లజాతి గే మగవాళ్ళు కొందరు కలిసి 'థ్రైవ్ ఎస్ఎస్' మొదలుపెట్టారు. దాని స్థాపకుల్లో ఒకడైన డేనియల్ డ్రిఫిన్ 2016లో డెమోక్రటిక్ పార్టీ జాతీయ సభ వేదిక మీద నిలబడి నాకు హెచ్ఐవీ ఉంది అని దేశమంతా వినేలా చెప్పాడు. ఆ వీడియో మా ట్రైనింగ్‌లో చూపించారు.

నేను మొదటిసారి రియాక్టివ్ రిజల్ట్ చెప్పాల్సి వచ్చిన మనిషికి ఇరవై రెండు, ఇరవై మూడు ఏళ్ళుంటాయి. గోదాములో రాత్రి షిఫ్ట్ చేసేవాడు, యూనిఫాంలోనే వచ్చాడు. రెండో చుక్క వచ్చింది. ఒక్క వాక్యంలో చెప్పాను, ఆగాను. అతను తన బూట్ల వైపు చూస్తూ చాలాసేపు ఉండి, పన్నెండింటికి షిఫ్ట్ ఉంది, వెళ్ళొచ్చా అని అడిగాడు. నాకు ఇప్పటికీ ఆ ప్రశ్నే గుర్తొస్తుంది, ఎందుకంటే అందులో అంతా ఉంది. షిఫ్ట్ పోతే జీతం పోతుంది, జీతం పోతే అద్దె. జబ్బు గురించి ఆలోచించడానికి కూడా సెలవు లేని బతుకు. వెళ్ళొచ్చు, రేపు పొద్దున షిఫ్ట్ దిగాక నేనే వచ్చి తీసుకెళ్తాను, క్లినిక్‌కి ఇద్దరం కలిసే వెళ్దాం అన్నాను. ఖాయం చేసే టెస్ట్ కోసం రక్తం ఇచ్చి వెళ్ళాడు.

నావిగేటర్ పని అంటే ఇదే. ఫోన్ నంబరు రాసిచ్చి కాల్ చేయండి అనడం కాదు, పక్కన నడవడం. మర్నాడు పొద్దున గోదాము గేటు దగ్గర కలిశాను. క్లినిక్‌లో ఏయే కాగితాలు కావాలో ముందే తెలుసుకుని ఉంచుతాం, ఉంటున్న అడ్రస్‌కి రుజువు, జీతం స్లిప్పు. అతని పేరు మీద కరెంటు బిల్లు లేదు, పిన్ని ఇంట్లో ఉంటున్నాడు, దానికి ఏం చేయాలో కేస్ మేనేజర్‌కి తెలుసు. అతను అంతకుముందు ఎప్పుడో ఇంకో హాస్పిటల్‌కి సిఫిలిస్ పరీక్షకి వెళ్తే, కౌంటర్ దగ్గర మనిషి హాలంతా వినేలా ఆ జబ్బు పేరు పెట్టి అడిగిందట, అప్పట్నుంచి ఏ హాస్పిటల్ మెట్లూ ఎక్కలేదు. అందుకే ముందుగా ఫోన్ చేసి, వెనక తలుపు వైపు నుంచి లోపలికి పిలిపించుకునే ఏర్పాటు చేశాం. చిన్న విషయంలా కనిపిస్తుంది. ఆ చిన్న విషయం దగ్గరే మనుషులు వెనక్కి తిరిగి వెళ్ళిపోతారు.

ఆ రోజే మందులు మొదలుపెట్టారు. ఇదివరకు సీడీ4, అంటే రోగనిరోధక కణాల లెక్క, పడిపోయేదాకా ఆగేవాళ్ళు, ఇప్పుడు అలా కాదు, తెలిసిన రోజే లేదా ఆ వారంలోనే మొదలుపెడతారు, రోజుకి ఒక మాత్ర. ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి 1990 నాటి రయన్ వైట్ చట్టం కింద ఖర్చు భరిస్తారు. ఇది లేకపోతే జార్జియాలో మేం ఏం చేసేవాళ్ళమో ఊహించలేను, ఎందుకంటే ఈ రాష్ట్రం చాలా రాష్ట్రాల్లాగా మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్స్‌ని పేదవాళ్ళందరికీ విస్తరించలేదు. మందు వేసుకుంటే చాలామందికి ఆరు నెలల్లోపు వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, టెస్ట్‌కి అందనంత తగ్గిపోతుంది. అలా తగ్గి ఉన్నంతకాలం సెక్స్ ద్వారా ఇంకొకరికి అంటదు. దీన్ని 2019లో వచ్చిన పార్ట్‌నర్-2 అధ్యయనం గట్టిగా తేల్చింది, 782 మగ జంటలు, ఒకరికి హెచ్ఐవీ ఉండి మందులు వాడుతున్నారు, ఇంకొకరికి లేదు, కండోమ్ లేకుండా దాదాపు 76 వేల సార్లు కలిస్తే ఒక్కరికి కూడా పార్ట్‌నర్ నుంచి అంటలేదు. ఈ మాట నేను అతనికి చెప్పినప్పుడు నమ్మలేదు, మళ్ళీ చెప్పమన్నాడు. ఎవరినీ ముట్టుకోకూడదేమో అనుకున్నానన్నాడు.

తల్లికి చెప్పాలా వద్దా అన్నది అతన్ని మందులకంటే ఎక్కువ వేధించింది. ఆమె చర్చిలో కోయిర్ పాడుతుంది, ఇతనూ చిన్నప్పట్నుంచి అక్కడే పాడాడు. చర్చి గురించి బయటివాళ్ళు సులభంగా తీర్పులు చెప్తారు. కానీ ఆ కుటుంబాలకి అదే బలం, కష్టంలో అన్నం పెట్టేదీ అదే, అదే చోట ఆదివారం పూట తన గురించి చెడ్డగా వినాల్సి రావడమూ నిజమే. మా దగ్గరికి అనుకూలంగా ఉండే పాస్టర్లు కొందరు వస్తారు, ఫిబ్రవరి 7న నేషనల్ బ్లాక్ హెచ్ఐవీ ఎయిడ్స్ అవేర్‌నెస్ డే నాడు కొన్ని చర్చిల్లోనే టెస్టులు పెడతాం. చెప్పమని గానీ వద్దని గానీ మేం సలహా ఇవ్వం. చెప్పాలనుకుంటే ఎప్పుడు, ఎవరు పక్కనుండగా అన్నది ఆలోచించుకోవడానికి సాయం చేస్తాం. అతను శుక్రవారం మీటింగుకి రావడం మొదలుపెట్టాడు, అక్కడ పదేళ్ళుగా, ఇరవయ్యేళ్ళుగా మందులు వాడుతూ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళని చూశాడు. డాక్టర్ చెప్పిన వంద మాటలకంటే అది ఎక్కువ పనిచేసింది. తల్లికి ఆ తర్వాత తనే చెప్పుకున్నాడు.

నెగటివ్ వచ్చినవాళ్ళతో పని ఇంతకంటే తక్కువేం కాదు. ప్రెప్ అంటే హెచ్ఐవీ లేనివాళ్ళు ముందుజాగ్రత్తగా వేసుకునే మందు, అమెరికాలో 2012 జులైలో అనుమతి వచ్చింది, సరిగ్గా వేసుకుంటే సెక్స్ ద్వారా వచ్చే ప్రమాదాన్ని నూటికి 99 పాళ్ళు తగ్గిస్తుంది. నేనూ వాడుతున్నాను. మొదలుపెట్టేముందు హెచ్ఐవీ టెస్ట్, కిడ్నీ కోసం క్రియాటినిన్, హెపటైటిస్ బి చూస్తారు. తర్వాత మూడు నెలలకోసారి టెస్ట్ చేయించుకుని మళ్ళీ మందు తీసుకోవాలి. నల్లజాతి మగవాళ్ళు ప్రెప్ తీసుకోరు, వాళ్ళకి ఇష్టం లేదు అని ఒక ప్రచారం ఉండేది. హెచ్‌పీటీఎన్ 073 అనే అధ్యయనంలో 226 మంది నల్లజాతి మగవాళ్ళకి ప్రెప్‌తో పాటు, మనిషికి మనిషిగా ఒక కోఆర్డినేటర్‌ని ఇచ్చి, అతని ఉద్యోగం, ఇల్లు, మనసు అన్నీ కలిపి చూస్తే నూటికి 79 మంది మొదలుపెట్టారు. ఇష్టం లేకపోవడం కాదు, ఇచ్చే తీరులో ఉంది తేడా అంతా.

ఒక అడ్డంకి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అది మన ఇళ్ళకి కూడా వర్తిస్తుంది. ఇక్కడ 26 ఏళ్ళ దాకా తల్లిదండ్రుల ఇన్సూరెన్స్ మీద ఉండొచ్చు. కుర్రాడు ప్రెప్ తీసుకుంటే ఏ టెస్ట్, ఏ మందు, ఎంత అని వివరంగా ఒక ఉత్తరం ఇంటికి, తల్లి పేరు మీద వెళ్తుంది. ఆ ఒక్క ఉత్తరం భయంతో మానేసినవాళ్ళని ఎంతమందిని చూశానో. కంపెనీకి ఫోన్ చేసి ఉత్తరాలు వేరే అడ్రస్‌కి పంపమని అడగొచ్చు, లేదా ఇన్సూరెన్స్ వాడకుండా కూపన్‌తో జనరిక్ కొనుక్కోవచ్చు, 2021 నుంచి చాలా కంపెనీల జనరిక్స్ వచ్చి బాగా చవకయ్యాయి. ఈ ఫోన్ కాల్స్‌లో గంటలు గంటలు హోల్డ్‌లో ఉండటం నావిగేటర్ పనే.

నా మొదటి ప్రెప్ సీసా ఇంటికి తెచ్చుకుని తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో తయారీ అడ్రస్ హైదరాబాద్ అని ఉంది. శుక్రవారం మీటింగులో చూపిస్తే, ఇది మీ ఊరా అని అందరూ సీసా చేతులు మార్చి చూశారు. నాకు గర్వంగా అనిపించింది, అది దాచుకోను. 2025 జూన్‌లో ప్రెప్‌గా ఆరు నెలలకోసారి వేసుకునే లెనకాపవిర్ ఇంజెక్షన్‌కి ఇక్కడ అనుమతి వచ్చింది, మాత్రలు ఇంట్లో దాచుకోవడానికి చోటు లేని కుర్రాళ్ళకి అదెంత మేలో నేను రోజూ చూస్తున్నాను. దాని ఇక్కడి ధర ఏడాదికి 28 వేల డాలర్ల పైనే. అదే మందుని హైదరాబాద్‌కి చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో 120 దేశాల కోసం 2027 నుంచి ఏడాదికి సుమారు 40 డాలర్లకి ఇస్తామన్నాయి. ఆ 120లో అమెరికా లేదు. వెస్ట్ ఎండ్‌లో ఉన్న కుర్రాడికి ఆ 40 డాలర్ల మందు అందదు, ఇది అన్యాయం, దీనికి వేరే పేరు పెట్టలేను.

2025 ఏప్రిల్‌లో మా ఊళ్ళోనే ఉన్న సీడీసీలో హెచ్ఐవీ నివారణ విభాగంలో చాలామంది ఉద్యోగాలు తీసేశారు. 2019లో మొదలైన 'ఎండింగ్ ది హెచ్ఐవీ ఎపిడెమిక్' అనే ప్రభుత్వ పథకంలో మా ఫుల్టన్, డీకాల్బ్, కాబ్, గ్విన్నెట్ కౌంటీలు నాలుగూ ఉన్నాయి, మా లాంటి చిన్న సంస్థలు అలాంటి గ్రాంట్ల మీదే నడుస్తాయి. గ్రాంట్ ఆలస్యమైతే ముందు పోయేది నావిగేటర్ ఉద్యోగమే, ఎందుకంటే టెస్టుల్ని లెక్కపెట్టి రిపోర్టులో రాయొచ్చు, పొద్దున్నే గోదాము గేటు దగ్గర నిలబడటాన్ని ఏ గడిలో రాస్తారు? మా దగ్గర ఇప్పుడు ఆ పని ఎక్కువగా వాలంటీర్లమే చేస్తున్నాం.

తెలుగు కుర్రాళ్ళు నన్ను అడిగేవాటికి ఇక్కడ జవాబు చెప్పేస్తాను. టెస్ట్ చేయించుకుంటే వీసాకి ఇబ్బందా? కాదు. హెచ్ఐవీ ఉన్నవాళ్ళని రానివ్వకూడదన్న అమెరికా రూలు 2010 జనవరి 4 నుంచి లేదు, గ్రీన్‌కార్డ్ మెడికల్‌లో కూడా హెచ్ఐవీ టెస్ట్ లేదు. పాజిటివ్ వస్తే రాష్ట్ర ఆరోగ్య శాఖకి రహస్యంగా రిపోర్ట్ వెళ్తుంది, యూనివర్సిటీకీ, కంపెనీకీ, ఇంటికీ కాదు. నల్లజాతివాళ్ళ సెంటర్‌కి మనం వెళ్ళొచ్చా? వెళ్ళొచ్చు, నన్నెవరూ వద్దనలేదు, కాకపోతే అది వాళ్ళు కష్టపడి కట్టుకున్న చోటు అని గుర్తుంచుకుని, ఆ మర్యాదతో వెళ్ళండి. ఇండియాలో ఉన్నవాళ్ళయితే 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు, దగ్గర్లో టెస్ట్ ఎక్కడుందో చెప్తారు, హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్టీ మందులు 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. 2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా టెస్ట్ చేయకూడదు, మీ సంగతి బయటపెట్టకూడదు.

నిన్న రాత్రి ఏదో జరిగింది, భయంగా ఉంది అని మెసేజ్ పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. అలాంటప్పుడు నా జవాబు కోసం ఎదురుచూడకండి. దానికి పెప్ అనే మందుల కోర్సు ఉంది, 28 రోజులు వాడాలి, 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. ఆదివారమైనా, అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్ళి పెప్ కావాలని ఆ పేరుతోనే అడగండి, సోమవారం క్లినిక్ తెరిచేదాకా ఆగకండి.